కింద జనం వద్దు బాబాయ్

నాది ఫ్లెక్సీలు వేసే కొట్టు. కోనసీమలో ఒక మోస్తరు టౌను. ధనుర్మాసం వచ్చిందంటే మెషీన్‌కీ నాకూ తీరిక ఉండదు. గుళ్ళ వాళ్ళు, హీరోల అభిమానులు, నాయకులకి స్వాగతం పలికే వాళ్ళు వస్తారు. వాళ్ళందరి వెనకాల కొంచెం గొంతు తగ్గించి మాట్లాడే కోడిపందాల కమిటీల వాళ్ళు వస్తారు. పోయిన పండగ ముందు అలాంటి కుర్రాడొకడు వచ్చాడు. పక్క లంక ఊరివాడే, చిన్నప్పట్నుంచీ తెలిసినవాడు. ఫోన్‌లో ఒక పాత ఏనుగుల బొమ్మ చూపించాడు. ఎవరో వాట్సాప్‌లో పంపారట.

"బాబాయ్, ఈ యుద్ధం బొమ్మ వెనకాల పెట్టు. ముందు రెండు పుంజులు. ఒకటి డేగ, ఒకటి కాకి. రాజసం ఉట్టిపడాలి" అన్నాడు. తర్వాత రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చేసి, అడుగుభాగం చూపించి, "కింద ఈ జనం వద్దు బాబాయ్. గజిబిజిగా ఉంది. కోసెయ్" అన్నాడు.

కోసేశాను. డబ్బులిచ్చేవాడు ఎలా చెబితే అలా చెయ్యడమే మా వ్యాపారం. జనాన్ని తీసేసిన చోట రెండు వరసల పాస్‌పోర్టు ఫొటోలు వచ్చాయి. కమిటీ పెద్దలు, యువ నాయకులు, పండగ శుభాకాంక్షలు తెలిపేవారు. నీళ్ళల్లో పడి కొట్టుకుంటున్న మనుషుల స్థానంలో చేతులు జోడించి నవ్వుతున్న మొహాలు. ఫ్లెక్సీ మాత్రం అదిరిందని అందరూ అన్నారు.

అసలు బొమ్మ నా కంప్యూటర్‌లో ఉండిపోయింది. రాత్రిళ్ళు ప్రింటింగ్ నడుస్తున్నంతసేపూ దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ణి. తర్వాత అలాంటివి ఇంకొన్ని వెతికాను, వాటి గురించి దొరికింది చదివాను. చదివేకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. పాతకాలపు ఏనుగుల పోరు బొమ్మల్లో చూడాల్సిందంతా ఆ కుర్రాడు కోసెయ్యమన్న భాగంలోనే ఉంది. ఇంకో మాట కూడా అంటాను, మా ఊళ్ళో కొందరికి కోపం వస్తే రానీండి. రాజు దగ్గర జీతం తీసుకుని ఆ బొమ్మలు వేసినవాళ్ళు, ఇవాళ బరి మీద డ్రోన్లు ఎగరేస్తున్న మనకంటే నిజాయితీగా ఉన్నారు.

యుద్ధమెక్కడ?

ముందు ఆ బొమ్మ సంగతి. అది యుద్ధం కాదు. 1561లో ఆగ్రాలో, ఇరవయ్యేళ్ళు కూడా నిండని అక్బరు హవాయి అనే పొగరుబోతు ఏనుగునెక్కి, రణబాఘ్ అనే ఇంకో ఏనుగు మీదికి తోలాడు. రణబాఘ్ ఓడిపోయి యమున మీదున్న పడవల వంతెన ఎక్కి పరుగు లంకించుకుంది. అక్బరు ఆగలేదు, హవాయిని వెనకాలే తరిమాడు. ఏనుగుల బరువుకి పడవలు కుంగిపోతున్నాయి. మంత్రులు ప్రాణాలు ఉగ్గబట్టుకుని దేవుణ్ణి తలుచుకుంటున్నారు. ఇది జరిగిన పాతికేళ్ళ పైచిలుకు తర్వాత, అక్బరు పాలన చరిత్ర చెప్పే అక్బర్‌నామా కోసం బసావన్ అనే చిత్రకారుడు ఈ బొమ్మని రెండు పేజీల్లో కూర్చాడు, రంగులు ఇంకొకరు వేశారు. ఇప్పుడది లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అక్బరు తర్వాత దీనికి ఒక కారణం చెప్పుకున్నాడు. దేవుడికి నచ్చని పని నేనేదైనా చేసి ఉంటే ఈ ఏనుగే నన్ను చంపెయ్యనీ, అందుకే తెలిసి తెలిసి ఎక్కాను, అన్నది దాని సారాంశం. బతికి బయటపడ్డాడు కాబట్టి దేవుడు తన వైపే ఉన్నట్టు లెక్క. బాగానే ఉంది. మరి వంతెన మీంచి నీళ్ళల్లో పడ్డవాళ్ళ సంగతి దేవుడు ఏ లెక్కలో రాసుకున్నట్టు?

బసావన్ ఆ ప్రశ్న అడిగాడని నేననను. కానీ పడ్డవాళ్ళని వేశాడు. చిన్నగా, ఏదో మూల పెట్టినట్టు కూడా కాదు. మీ చూపు ఏనుగు నుంచి కిందికి జారితే తగిలేది వాళ్ళే. ఈదేవాడు, పడవ అంచు పట్టుకున్నవాడు, కర్ర ఊపుకుంటూ పరిగెత్తేవాడు. వాళ్ళని తీసేస్తే వంతెన కూలుతున్నట్టే ఉండదు. నేను తీసి చూశాను కదా, నాకు తెలుసు. ఏనుగులు పచ్చిక మీద షికారుకెళ్తున్నట్టు కనిపించాయి.

"మనది గజపతుల నేల బాబాయ్, ఏనుగంటే మన బ్రాండే కదా" అన్నాడా కుర్రాడు. రాజమహేంద్రవరం గజపతుల ఏలుబడిలో ఉన్నది నిజమే. కృష్ణదేవరాయలు ఉదయగిరి, కొండవీడు, కొండపల్లి గెల్చుకుంటూ ఇటొచ్చి సింహాచలం దాకా వెళ్ళిందీ నిజమే. గోల్కొండ నవాబుల కాలంలో బర్మా వైపు నుంచి ఏనుగుల్ని ఓడల్లో తెచ్చి మచిలీపట్నం రేవులో దించేవారు, మన నరసాపురం అప్పట్లో ఓడలు కట్టడంలో పేరుమోసిన ఊరు. ఏనుగుతో మనకి చుట్టరికం లేదని కాదు. ఈ బొమ్మతో మాత్రం లేదు. ఇది ఆగ్రాలో ఒక రాజు సరదా. మనం అరువు తెచ్చుకున్నాం, అదీ సగం కోసి.

ఇద్దరేసి ఎందుకు?

ఇలాంటి బొమ్మలు వరసగా చూస్తే ఒకటి కనిపిస్తుంది. చాలావాటిలో ఏనుగు మీద ఇద్దరుంటారు. ఒకడు మెడ మీద అంకుశం పట్టుకుని, రెండోవాడు వెనకాల నడుము మీద తాడు పట్టుకుని. రెండోవాడు అందం కోసం పెట్టిన మనిషేమో అనుకున్నాను మొదట్లో.

కారణం బెర్నియర్ రాశాడు. 1650ల చివర్లో వచ్చి పదేళ్ళ దాకా ఇక్కడున్న ఫ్రెంచి వైద్యుడు. ఢిల్లీలో కోటకీ నదికీ మధ్య ఇసుకలో జరిగే ఏనుగుల పోరు కళ్ళారా చూశాడు. మధ్యలో మూడు నాలుగడుగుల మందం, ఐదారడుగుల ఎత్తున మట్టిగోడ కడతారట. దానికి అటొకటి ఇటొకటి ఏనుగు. ఒక్కోదాని మీద ఇద్దరేసి మనుషులు. మెడ మీదివాడు పడిపోతే వెంటనే రెండోవాడు ఆ చోట్లోకి జరగాలి, అందుకని. అంటే పడిపోతాడని ముందే లెక్క వేసుకున్నారన్నమాట. స్టెప్నీ టైరులాగా మనిషి.

అక్కడితో ఆగలేదు. పోరు ఉన్న రోజు ఆ మావటివాళ్ళు, మరణశిక్ష పడ్డవాళ్ళలాగా, పెళ్ళాం పిల్లలకి వీడ్కోలు చెప్పి వచ్చేవారట. బతికి దిగితే, రాజుగారికి నచ్చితే, జీతం పెరుగుతుంది, దిగీ దిగగానే చేతిలో పైసల సంచి పెడతారు. చనిపోతే ఆ జీతం భార్యకి అందుతుంది. కొడుక్కి అదే ఉద్యోగం ఇస్తారు.

ఈ చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే కారుణ్య నియామకం. ఏ ఏనుగు తండ్రిని తొక్కిందో అదే ఏనుగు మెడ మీదికి కొడుకు ఎక్కొచ్చు.

అక్బరు దర్బారు పద్ధతులు, లెక్కలు రాసిపెట్టిన అయినే అక్బరీ అనే గ్రంథంలో జీతాలు కూడా ఉన్నాయి. మదమెక్కిన ఏనుగు మావటికి నెలకి 200 దాములు. వెనకాల కూర్చునేవాడికి 110. మావటిని పడేసే చెడ్డ అలవాటున్న ఏనుగైతే 200కి బదులు 220. అప్పట్లో 40 దాములు ఒక రూపాయి. అంటే కింద పడి చచ్చే అవకాశానికి సర్కారు కట్టిన ధర నెలకి అర్ధరూపాయి. నాలుగొందల ఏళ్ళనాటి రూపాయి విలువ వేరు, ఒప్పుకుంటాను. కానీ దాన్ని జీతం పక్కనే పెట్టి చూస్తే నూటికి పది. ప్రమాదకరమైన పనికి పది శాతం అలవెన్సు.

అదే గ్రంథంలో చర్ఖీ గురించి ఉంది. బోలుగా చేసిన వెదురుముక్కలో మందు కూరి రెండు చివరలా వత్తి పెడతారు. అంటిస్తే గిర్రున తిరుగుతూ భయంకరమైన చప్పుడు చేస్తుంది. పోట్లాడుకునే ఏనుగుల్ని విడదియ్యడానికి అక్బరే దీన్ని కనిపెట్టాడని మెచ్చుకుంటూ రాశాడు ఆ గ్రంథకర్త అబుల్ ఫజల్. కాలినడకన ఒక ధైర్యస్థుడు దాన్ని చేత్తో పట్టుకుని ఏనుగు మొహం ముందు నిలబడతాడట. కనిపెట్టినవాడి పేరుంది. పట్టుకున్నవాడు "ఒక ధైర్యస్థుడు", అంతే.

పుస్తకంలో ఆ ధైర్యస్థుడు అరవాక్యం. బొమ్మల్లో మాత్రం మనిషి. షాజహాన్ పాలన చరిత్ర చెప్పే పాద్‌షానామాలో ప్రసిద్ధమైన బొమ్మ ఒకటుంది. 1633 మే 28న ఆగ్రాలో సుధాకర్, సూరత్ సుందర్ అనే రెండు ఏనుగుల పోరు జరుగుతుంటే, సుధాకర్ పక్కకి తిరిగి పద్నాలుగేళ్ళ ఔరంగజేబు మీదికి వచ్చింది. గుర్రం మీదున్న ఆ పిల్లాడు పారిపోకుండా ఈటె విసిరాడు. కథ అతనిది, బొమ్మ వేయించింది అతని తండ్రి. పుస్తకం చేతులు మారి మారి ఇంగ్లండు రాజుగారింటికి చేరింది, విండ్సర్ కోటలో ఉంది. వివరణలన్నీ ఆ కుర్ర యువరాజు ధైర్యం గురించే. నేను చూసింది మాత్రం నిప్పులు కక్కే కర్రలు పట్టుకుని ఏనుగు చుట్టూ ఉరుకుతున్నవాళ్ళని. యువరాజు కింద గుర్రం ఉంది. వాళ్ళ కింద వాళ్ళ కాళ్ళే.

మా చిన్నప్పుడు ఊళ్ళోకి ఏనుగొచ్చేది. సర్కస్‌ది కాదు, ఇంటింటికీ తిప్పే ఏనుగు. బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు పెట్టేవాళ్ళు. తోక వెంట్రుకతో ఉంగరం చేసి పిల్లలకి తొడిగితే దడుపు పోతుందని మా నాయనమ్మ నమ్మకం. ఆ ఉంగరాలు అమ్మేవాడు మావటే. రాత్రికి హైస్కూలు గ్రౌండులో చింతచెట్టుకి ఏనుగుని కట్టేసి, పడుకోవడానికి చోటు చూసుకునేవాడు. ముందు గొలుసు పట్టుకుని సాగినంత దూరం నడిచేవాడు. అక్కణ్ణించి ఇంకో నాలుగడుగులు వేసి తుండుగుడ్డ పరుచుకునేవాడు. ఏళ్ళ తరబడి కలిసి తిరుగుతున్న ఏనుగే. తొండంతో అతని భుజం తడిమేది, అతను దాని చెవి వెనక గోకేవాడు. గొలుసు కొలత మాత్రం ప్రతి రాత్రీ కొలిచేవాడు. ఊళ్ళో పిల్లలందరికీ దడుపు పోగొట్టే ఉంగరాలు అమ్మే మనిషి.

ఆ నాలుగడుగులు తెలిసినవాడే ఈ బొమ్మల్లో మావటి వీపుని అలా వంచగలడని నాకు అనిపిస్తుంది.

నా వాదనకి అడ్డం వచ్చేవి

మా బావమరిది కాలేజీలో తెలుగు చెప్తాడు. ఇదంతా అతనికి చెబితే నవ్వాడు. "బావగారూ, మీరు ఇప్పటి మీ జాలిని పట్టుకెళ్ళి ఆ చిత్రకారుడి నెత్తిన రుద్దుతున్నారు. నౌకర్లు ఎంతమంది ఉంటే రాజు అంత గొప్పవాడు. వాళ్ళు ఎంత భయపడితే ఆయన అంత ధైర్యవంతుడు. అందుకు పెట్టారు వాళ్ళని."

దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. ఇంకా గట్టి సాక్ష్యం నేనే ఇస్తాను. ఈ కథలన్నిటిలో ఏనుగులకి పేర్లున్నాయి. హవాయి, రణబాఘ్, సుధాకర్, సూరత్ సుందర్. 1605లో అక్బరు మంచం మీదుండగా కొడుకు సలీం ఏనుగు గిరాన్‌బార్‌కీ, మనవడు ఖుస్రో ఏనుగు అబ్‌రూప్‌కీ పోటీ పెట్టారు. సాయానికి సిద్ధంగా నిలబెట్టిన ఏనుక్కి కూడా రణ్‌థంభన్ అని పేరుంది. దాన్ని బరిలోకి దించబోతుంటే సలీం మనుషులు ఒప్పుకోక రాళ్ళు రువ్వారు. ఒక రాయి మావటికి తగిలి నెత్తురొచ్చింది. మూడు ఏనుగుల పేర్లూ మనకి చేరాయి. రాయి తగిలినవాడు ఉత్త మావటి. సింహాసనం ఎవరిదన్న తగువులో మొదట చిందిన నెత్తురు అతనిదే, అదీ పక్కనున్న జనం విసిరిన రాయితో. (మన బరుల దగ్గర పై పందాల గొడవలు చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.)

కాబట్టి ఆ దర్బారులు మావట్లని గౌరవించాయని నేను చెప్పడం లేదు. చిత్రకారుడి మనసులో జాలి ఉందని కూడా కాదు. నా మాట చిన్నది. కారణం ఏదైనా, చట్రంలో వాళ్ళకి చోటు ఇచ్చాడు. ఇచ్చినప్పుడు సరిగ్గా చూసి ఇచ్చాడు. రాజు గొప్పకోసమే అయితే ఒకే మొహాన్ని పదిసార్లు దించితే సరిపోయేది. పాదం ఏ వైపు జారుతోందో, తలపాగా ఎటు ఊడుతోందో అంత పట్టించుకోవక్కర్లేదు.

దీనికి నాకు బాగా నమ్మకమిచ్చినవి రంగుల బొమ్మలు కావు, కోటా గీతలు. రాజస్థాన్‌లో కోటా, ఇప్పుడు మనవాళ్ళు పిల్లల్ని కోచింగుకి పంపే ఊరే. పదిహేడో శతాబ్దం నుంచి అక్కడి చిత్రకారులు ఏనుగుల పోరుని కాగితం మీద నల్లసిరాతో, కుంచెతో గీశారు. బంగారం లేదు, అంచు లేదు, చాలావాటిలో రాజే లేడు. గీసిన గీత నచ్చక పక్కన ఇంకోటి గీస్తే రెండూ అలాగే కనిపిస్తాయి. ఏనుక్కి ఒక్కోచోట ఐదో కాలు ఉన్నట్టుంటుంది, నిజానికి అది ముందు అనుకుని మార్చుకున్న కాలు. ఆ తడబాటు వల్లే ఏనుగు కదులుతున్నట్టుంటుంది. మెడ మీది మనిషి చేప పిల్లలా వంగి ఉంటాడు. ఇంగ్లీషు చిత్రకారుడు హోవర్డ్ హాడ్జ్‌కిన్ ఇలాంటివి ఏరి ఏరి కొనుక్కున్నాడు, అతని సేకరణలో చాలా భాగం ఇప్పుడు న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

వీటిలో చాలా గీతలు ఎవరికీ చూపించడానికి వేసినవి కావు, పనికోసం దగ్గర పెట్టుకున్నవి. రాజు చూడని కాగితం మీద కూడా మావటిని అంత శ్రద్ధగా గీశాడంటే, రాజు గొప్పకోసమే గీశాడన్న మాట నిలవదు. మా బావమరిది దీనికి "ఊఁ" అన్నాడు. ఒప్పుకోవడం కాదది, ఆలోచిస్తానని.

అతనే ఇంకో బాణం వేశాడు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో రాజుల వినోదాల జాబితా ఉంది. ఏనుగుల ఆటా ఉంది, కోడిపందెమూ ఉంది, పొట్టేళ్ళ పోరూ ఉంది. "చూశారా, రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. మరి మన కుర్రాడు ఏనుగుల బొమ్మ మీద పుంజుల్ని పెట్టడం అంత తప్పేం కాదు" అన్నాడు. కాదు, నిజమే. పెట్టడం తప్పని నేను అనలేదు కూడా. అవి రెండూ ఒక జాతివే. అందుకే ఒకదానికి పట్టిన కొలత రెండోదానికి పట్టి చూస్తున్నాను.

డ్రోన్‌కి కనపడేది

సంక్రాంతి మూడు రోజులూ మన జిల్లాల బరులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. చట్టం, కోర్టు, పోలీసుల హెచ్చరిక ఫ్లెక్సీలు (అవీ నేనే వేస్తాను), తర్వాత జరిగేది అన్నీ మీకు తెలుసు. నేను అడిగేది వేరు. పోయిన పండక్కి మీ ఫోన్‌కి ఎన్ని వీడియోలొచ్చాయి? వాటిలో కత్తి కట్టేవాడు ఎన్నిటిలో కనిపించాడు?

నాకొచ్చినవన్నీ మళ్ళీ తీసి చూశాను. పైనుంచి డ్రోన్: గుండ్రంగా జనం, షామియానాలు, మధ్యలో రెండు చుక్కలు. కింద నుంచి స్లో మోషన్: రెక్కలు, దుమ్ము, కత్తి మెరుపు, ఒక పుంజు పడటం. తర్వాత గెలిచిన ఆసామి, నోట్ల కట్టలు. ఎల్ఈడీ తెరలు, ఫ్లడ్‌లైట్లు. కత్తి కట్టేవాడు లేడు. పుంజుని బరిలో దించే మనిషి మోచేయి దాకా కనిపించి మాయమవుతాడు. పడ్డ పుంజుల్ని పక్కకి మోసే పిల్లలు, నీళ్ళ డబ్బాలు తెచ్చే ఆడవాళ్ళు, గుండాట బల్ల దగ్గర సర్వం పోగొట్టుకుని కూలబడ్డ కౌలురైతు, వీళ్ళెవరూ లేరు. అంటే మన కెమెరాలు కూడా ఆ కుర్రాడు అడిగిన పనే చేస్తున్నాయి. కింద జనాన్ని కోసేస్తున్నాయి.

కత్తి తగిలి మనుషులు చచ్చిపోయిన వార్తలు మన పేపర్లలోనే చదివాం. పుంజుకి భయమేసి ఎగిరితే తొడ నరం తెగడానికి క్షణం చాలు. ఆ పని చేసే మనిషి ఒకరు నాకు బాగా తెలుసు. ఆధార్ కార్డు లామినేషన్‌కి వచ్చినప్పుడు చేతులు చూశాను. అరచేతుల నిండా కోతలు, ఒక వేలు పూర్తిగా ముడవదు. మంచి కత్తి, మంచి దారం, కాలికి సరైన చోట సరైన బిగువుతో ముడి, ఇదంతా పందెం మొదలయ్యే ముందు రెండు నిమిషాల్లో తేల్చాలి. సగం పందెం అక్కడే తేలిపోతుందని ఆడేవాళ్ళంతా అంటారు. అతనికి ఇచ్చేది పందేనికింత అని కూలి, గెలిచినవాడు ఖుషీగా ఉంటే చేతిలో పెట్టినంత. పైసల సంచి కథ గుర్తొచ్చింది. తేడా ఒక్కటే, ఇక్కడ పోయినవాడి భార్యకి నెలనెలా జీతం లేదు. కొడుక్కి అదే ఉద్యోగం మాత్రం ఉంది, నేర్చుకుంటున్నాడట.

"నీ చేతులు ఒక ఫొటో తీసుకోనా?" అని అడిగాను.

"వద్దండి బాబూ" అన్నాడు కంగారుగా. "కేసవుద్దండి. పెద్దోళ్ళని ఎవరూ పట్టుకోరు, మీరైతే కొట్టు మూసుకుని ఇంటికెళ్తారు. నన్నైతే జీపెక్కిస్తారు."

ఇది నేను ఊహించని అడ్డంకి, నా వాదనలో ఇంతకంటే పెద్ద చిక్కు లేదు. మావటిని బొమ్మలో వేస్తే అతనికి నష్టం లేదు, పోరు రాజుగారి హక్కు, బహిరంగంగా జరిగేది. మన దగ్గర పందెం నేరం. ఫొటోలో లేకపోవడమే అతనికి రక్షణ. ఆసామి మొహం ఫ్లెక్సీ మీద నవ్వుతూ ఉంటే ఆసామికి ఏమీ కాదు, అతని మొహం వీడియోలో ఒక్క క్షణం కనిపిస్తే అతనికి అవుతుంది. కాబట్టి ఎవరు చట్రంలో ఉండాలో తేల్చేది కెమెరా పట్టుకున్నవాడి అభిరుచి ఒక్కటే కాదు. పోలీసు స్టేషన్‌లో ఎవరికి పలుకుబడి ఉందన్నది కూడా తేలుస్తుంది. చిత్రకారుడు నిజాయితీపరుడు, మనం కాదు అని పైన అంత ధీమాగా రాసిన వాక్యం కింద ఈ విషయం కూడా పెట్టుకుని చదవండి. వాక్యాన్ని మాత్రం వెనక్కి తీసుకోను. అతన్ని దాచడం వేరు, అతని పని అసలు లేనట్టు చూపించడం వేరు.

మరి మూగజీవాల మాటేంటి అని అడిగేవాళ్ళుంటారు. మనుషుల గురించి ఇంత రాసి ఏనుగునీ పుంజునీ వదిలేశాడేంటని. వదల్లేదు. బెర్నియరే రాశాడు, ఏనుగు స్వతహాగా పిరికిది, నిప్పంటే దానికి చచ్చే భయం అని. మీదున్నవాళ్ళు రెచ్చగొట్టి, పిరికిదానివని తిట్టి, మడమలతో పొడిచి పంపితే పోతుంది. పుంజుకైతే ఆ మాత్రం అవకాశం కూడా లేదు. ఏనుగు ఖరీదైంది కాబట్టి చావకుండా చర్ఖీలు పట్టుకుని పరిగెత్తారు. ఓడిన పుంజు సాయంత్రానికి కూర. జీవహింస తప్పని చెప్పడానికి నాకు ఏ పాత బొమ్మా అక్కర్లేదు, అది చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, సరిగ్గానే చెప్తున్నారు. పుంజుకి జరిగేది కనీసం వీడియోలో కనిపిస్తుంది. కనిపించనిదాని గురించి నా గొడవ.

మనకి మనదే కావాలంటే

రాజసం కోసం ఆగ్రా దాకా వెళ్ళక్కర్లేదని ఆ కుర్రాడికి చెప్పాను. మదమెక్కిన ఏనుగుని మన తెలుగు శిల్పులు సుమారు పద్దెనిమిది వందల ఏళ్ళ కిందటే చెక్కారు. అమరావతి స్తూపానిది, గుండ్రటి రాతిఫలకం, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నాలాగిరి అనే ఏనుగుని బుద్ధుడి మీదికి వదిలిన కథ. ఒకే ఫలకంలో ఒకే ఏనుగు రెండుసార్లు. ఒకవైపు రాజగృహం వీధిలో పడి మనుషుల్ని తొక్కుతూ వస్తుంది, ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది.

భక్తికోసం చెక్కిన రాయి. బుద్ధుడూ వంగిన ఏనుగూ ఉంటే కథకి చాలు. ఆ శిల్పి వీధి మొత్తం చెక్కాడు. తొండంలో చిక్కినవాడు, భయంతో పక్కవాణ్ణి పట్టుకున్న ఆడమనిషి, మేడ కిటికీల్లోంచి తొంగి చూసేవాళ్ళు. ఒక్క ఫలకంలో ఇంతమంది. చెయ్యి తిరిగిన ఏ శిల్పికైనా తెలుసు, వీళ్ళు లేకపోతే ఆ ఏనుగుని చూసి ఎవరూ భయపడరు, భయం లేకపోతే అది వంగడంలో గొప్పేమీ లేదు.

"బాగుంది బాబాయ్, కానీ రంగుల్లేవుగా" అన్నాడు కుర్రాడు. అతనితో ఇంకేం వాదిస్తాను. ఫ్లెక్సీకి రంగులు కావాలి.

కాబట్టి ఇది చదివేవాళ్ళనే అడుగుతున్నాను. వచ్చే పండక్కి మీరు బరి దగ్గరికి వెళ్తారో లేదో మీ ఇష్టం, వెళ్ళమని చెప్పను. వెళ్తే మాత్రం, పుంజులు లేచినప్పుడు ఫోన్‌ని ఒక్కసారి అటు కాకుండా ఇటు తిప్పండి. మొహాలు వద్దు. చేతులు చాలు: దారం బిగించే వేళ్ళు, కత్తుల పెట్టె, పక్కకి మోసుకెళ్ళే పిల్లాడి కాళ్ళు. ఊరి పేరు రాయొద్దు, లొకేషన్ ఆఫ్ చెయ్యండి, అడిగి తియ్యండి, వద్దంటే వదిలెయ్యండి. మీకు గీయడం వస్తే ఇంకా మంచిది, గీతకి కేసు పెట్టడం కష్టం. నాకు పంపితే ప్రింటు వేసి పెడతాను, ఖర్చు నాది. ఫ్లెక్సీ మీద కాదు, మంచి కాగితం మీద.